పిల్లల కోసం ఆదివాసీ హక్కుల ప్రదర్శన కట్టడం ఎలా

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం ఆగస్టు 9 దగ్గర పడుతోందంటే హన్మకొండ, ములుగు, ఉట్నూరు బళ్ళలో చాలాచోట్ల ఒకే తంతు. అట్టముక్కతో నెమలి ఈకల టోపీ కోస్తారు, నలుగురు పిల్లల ముఖాలకు రంగు పూస్తారు, స్పీకర్లో డోలు దెబ్బ పెట్టి ఆడిస్తారు. ఫొటోలు బాగానే వస్తాయి. కానీ చూసి వెళ్ళిన పిల్లవాడిని ఆదివాసులంటే ఎవరురా అని అడిగితే ‘ఈకలు పెట్టుకునేటోళ్ళు’ అంటాడు. భూమి సంగతి, అడవి సంగతి, చట్టం సంగతి వాడి చెవిన పడనే పడవు. వేషాలు పక్కన పెట్టి, పిల్లల చేతికి దరఖాస్తు ఫారం ఇచ్చి, వాళ్ళను గ్రామసభలో కూర్చోబెట్టే ప్రదర్శన ఎలా కట్టాలో ఇక్కడ చెబుతున్నాం. పెద్ద మ్యూజియం అక్కర్లేదు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న ఒక హాలు, నలుగురు వాలంటీర్లు, ముందుగా మొదలుపెట్టే ఓపిక ఉంటే చాలు.

లెక్కలన్నీ నాలుగు నుంచి ఏడో తరగతి పిల్లలకు, ఒక్కో బ్యాచికి 15 మందికి, గంట సమయానికి వేసినవి. 20 దాటితే గ్రామసభ సాగదు. వెనక కూర్చున్నవాళ్ళు కబుర్లలో పడతారు.

ముందు అడగాలి, తర్వాతే గీయాలి

బోర్డుల డిజైన్ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడంతోనే చాలా ప్రదర్శనలు దారి తప్పుతాయి. మొదటి పని ఊరికి పోవడం. గోండు గూడెంలో ఊరి పెద్ద పట్లాను, పూజారి దేవారిని కలవాలి. ఆ ప్రాంతపు రాయి సెంటర్‌కు (గోండుల సంప్రదాయ పంచాయితీ), దాని పెద్ద సార్మేడికి ముందే కబురు పెట్టాలి. కోయ ఊళ్ళలో కులపెద్దలను, మేడారం ప్రస్తావన ఉంటే అక్కడి పూజారులైన వడ్డెలను అడగాలి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో (గిరిజనాభివృద్ధి సంస్థలు) ప్రాజెక్టు అధికారికి ఒక ఉత్తరం ఇవ్వడం మంచిదే కానీ, ఆఫీసు అనుమతి ఊరి అనుమతికి బదులు కాదు.

ఆగస్టులో ప్రదర్శనైతే ఈ తిరుగుడంతా ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి. తొలకరి పడ్డాక ఎవరూ చేను వదిలి మీతో కూర్చోలేరు. మే నెలలో తునికాకు కోత ఉంటుంది, తెల్లవారకముందే అడవికి పోయి ఎండెక్కాక వస్తారు, ఆ తర్వాత కట్టలు కట్టే పని. కాబట్టి సాయంత్రం పోండి. తయారైన డిజైన్ తీసుకుపోకండి, పెన్సిల్ గీతలున్న కాగితాలే తీసుకుపోండి. అచ్చయిన బొమ్మ చూస్తే మర్యాదకు ‘మంచిగుంది’ అంటారు, తప్పు చెప్పరు.

అడగాల్సినవి మూడు. ఏది చూపించొచ్చు? ఏది చూపించకూడదు? మీ పేరు, మీ ఊరి పేరు ఎలా రాయాలి? మూడోది చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ, గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే. గోండు, కోయ, కోలాం, తోటి, పర్ధాన్, నాయకపోడు, మన్నెవార్, ఆంధ్, లంబాడా అందరినీ ‘గిరిజనులు’ అనే ఒకే బోర్డు కిందికి తోస్తే చూడవచ్చినవాళ్ళకు కోపం రావడం న్యాయమే. ఎవరి బోర్డు వాళ్ళది కావాలి, ఎవరిది వాళ్ళే చూసి సరే అనాలి. కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి తెగలను తెలంగాణలో ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలుగా (పీవీటీజీ) గుర్తించారు. ఆ మాట రాసేటప్పుడు ‘బలహీనమైన’ అన్నది ప్రభుత్వ జాబితాలోని మాట అని తెలిసేలా రాయండి, వాళ్ళ గుణంలా కాదు.

ఒప్పందం ఒక పేజీ మించకూడదు, తెలుగులోనే ఉండాలి, సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపించాలి. ఏ వస్తువు ఎన్ని రోజులకు ఇస్తున్నారు, పోతే లేదా విరిగితే ఎంత కట్టాలి, ఫొటో ఎక్కడెక్కడ వాడతారు, వద్దనిపిస్తే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అన్న నాలుగు విషయాలు తప్పక ఉండాలి. ఒక కాపీ ఊళ్ళోనే ఉంచండి.

చూపించకూడనివి

గుస్సాడీ నృత్యకారులు పెట్టుకునే టోపీ గోండుల దండారీ పండుగలో పూజలు అందుకునే వస్తువు. పిల్లలు తలకు పెట్టుకుని సెల్ఫీ దిగే సామాను కాదు. అసలుది అడగొద్దు, నకలు చేయొద్దు. గుస్సాడీ గురించి చెప్పాలనుకుంటే మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిన సంగతి, దీపావళి రోజుల్లో దండారీ బృందాలు ఊరూరా తిరిగే సంగతి ఫొటోతో చెప్పండి. కేస్లాపూర్ నాగోబా కోసం మెస్రం వంశీయులు గోదావరి నీళ్ళు మోసుకొచ్చే ఝరి పాత్ర విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మేడారం గద్దెల నమూనా కూడా కట్టొద్దు. రెండు వెదురు బొంగులు నిలబెట్టి పసుపు కుంకుమ పూశారంటే చాలు, వచ్చిన తల్లులు చెప్పులు విడిచి దండం పెడతారు, మధ్యాహ్నానికి బెల్లం ముద్దలు చేరతాయి, సాయంత్రానికి చీమలు. ఆ భక్తిని తప్పు పట్టలేం, అది నిజమైనది. కానీ అక్కడి నుంచి మీది ప్రదర్శన కాదు. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, అక్కడ విగ్రహం లేదు. క్యాలెండర్లో కనిపించే పులి మీది బొమ్మను పెద్దది చేసి గోడకు అంటిస్తే కోయ పెద్దలు అడిగే మొదటి ప్రశ్నే ‘ఇది ఎవరు చెప్పిండ్రు మీకు?’ బదులుగా కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజులు వచ్చే దారులను నేల మీది మ్యాపులో దారంతో చూపించండి. పిల్లలు ఆ దారి వెంట నడుస్తారు. ఏ ఊరి నుంచి ఎవరు వస్తారో అలా గుర్తుండిపోతుంది.

నేల మీది మ్యాపు

గుమ్మం దాటగానే 10 అడుగుల చదరపు మ్యాపు. ఒక అడుగుకు 30 కిలోమీటర్లు లెక్క వేసుకుంటే ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా అందులో పడుతుంది, చుట్టూ కొంత ఖాళీ కూడా మిగులుతుంది. మామూలు ఫ్లెక్సు మీద వేయించొద్దు. చెమట కాళ్ళకు జారుతుంది, రెండో రోజుకు మూలలు లేస్తాయి, పిల్లలు తట్టుకుని పడతారు. మందపాటి కాటన్ కాన్వాసు మీద ఫ్యాబ్రిక్ రంగులతో చేత్తో వేయించడం మేలు. అది కుదరకపోతే మ్యాట్ లామినేషన్ చేసిన ఫ్లోర్ వినైల్. నాలుగు అంచులకూ రెండంగుళాల టేపు పూర్తిగా అంటించాలి, మూలలకు మాత్రమే అంటిస్తే సరిపోదు.

గోదావరిని రంగుతో వేయకుండా నీలం గుడ్డను మడతలు పెట్టి కుట్టండి. కాలికి ఎత్తుగా తగులుతుంది, కళ్ళు కనిపించని పిల్లలకూ నది ఎటు పోతోందో తెలుస్తుంది. ఐదో షెడ్యూలు ప్రాంతాలను, అంటే ఆదివాసుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతాలను, ముదురాకుపచ్చ గుడ్డతో కుట్టాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు జిల్లాకు జిల్లా ఆకుపచ్చ చేయడం. షెడ్యూలు ప్రాంతం జిల్లా లెక్కన ఉండదు, ఊళ్ళ లెక్కన ఉంటుంది. ఒకే మండలంలో ఒక ఊరు లోపల, పక్క ఊరు బయట ఉండొచ్చు. ఐటీడీఏ దగ్గర గ్రామాల జాబితా తీసుకుని దాని ప్రకారమే కుట్టండి. ‘మా అమ్మమ్మ ఊరు ఎటున్నది?’ అని పిల్లలు తప్పకుండా వెతుకుతారు. ఆ ఊరు లోపలుందో బయటుందో తప్పు చెప్పామంటే మిగతా ప్రదర్శన మీద నమ్మకం పోతుంది.

జోడేఘాట్, ఇంద్రవెల్లి, మార్లవాయి, గుంజాల, కేస్లాపూర్, మేడారం, ఉషేగావ్ ఊళ్ళ దగ్గర చెక్క బిళ్ళలు అంటించి, ఒక్కో బిళ్ళ మీద ఒకే వాక్యం రాయండి. ఉషేగావ్ బిళ్ళ దగ్గర లోహపు పని చేసే వోజులు పోసిన ఇత్తడి డోక్రా బొమ్మ ఒకటి తాడుతో కట్టి ఉంచితే పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వినడం, రాయడం

రెండు బల్లలు చాలు. ఒకదాని మీద నాలుగు పాత ఫోన్లు, చెక్క పెట్టెల్లో బిగించి, ఒక్కోదానికి తీగ ఉన్న ఇయర్‌ఫోన్. గోండి, కోయ, కోలామి మాటలు, ఒక చిన్న పొడుపుకథ, పర్ధానులు వాయించే తీగ వాయిద్యం కీక్రి మోత. ఒక్కో రికార్డింగు 40 సెకన్లు దాటొద్దు. రికార్డు చేసేది ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలే అయితే ఇంకా మంచిది. ఆశ్రమ పాఠశాలలోనో హాస్టల్లోనో ఉన్న పిల్లల గొంతు తీసుకుంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి, వార్డెన్ సంతకం ఒక్కటే చాలదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టకండి. మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతుంది, నాలుగు ఫోన్లు ఒకదానికొకటి తగులుకుని ఒకరికి వినిపించాల్సింది ఇంకొకరికి వినిపిస్తుంది.

రెండో బల్ల మీద గుంజాల గోండి లిపి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని లిపి ఇది. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లో 2018లో చేరింది, నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అక్షరాలను రెండంగుళాల ఎత్తున రబ్బరు ముద్రలుగా చేయించి ఇస్తే పిల్లలు తమ పేరు తామే అచ్చు వేసుకుంటారు. ముద్ర చేసేవాళ్ళకు ఫాంటు ఇచ్చి వదిలేయకండి. చాలా డీటీపీ షాపుల్లో పాత సాఫ్ట్‌వేరుంటుంది, తెలుగు కూడా ‘అను’ అనే పాత ఫాంట్లలో కొడతారు. యూనికోడ్ తెలుగు పడగానే వత్తులు విడిపోతాయి, గోండి అయితే డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరులో అక్షరాలను బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అచ్చు వేసేముందు ఏ4 కాగితం మీద ఒక నమూనా తీయించి, గోండి చదవగలిగిన మనిషికి చూపించండి. తిరగబడిన అక్షరం మీ కంటికి తెలియదు, వాళ్ళ కంటికి మొదట అదే పడుతుంది.

భూమి బల్ల

ప్రదర్శనకు ఆయువుపట్టు ఇదీ, దీని తర్వాత వచ్చే గ్రామసభా. మీ సమయంలో సగం ఈ రెండింటికే ఇవ్వండి.

2 అడుగులు, 3 అడుగుల ప్లైవుడ్ ముక్కలో ఆరంగుళాల చదరాలు 24 వస్తాయి. రంపం తినేది తీసేస్తే ఒక్కోటి ఐదుంముప్పావు అంగుళాలు. 6 మిల్లీమీటర్ల మందం చాలు. అంచులకు ఉప్పుకాగితం పెట్టి రెండు చేతుల రంగు వేయించాలి, ఒక వైపు ఆకుపచ్చ, రెండో వైపు బూడిద రంగు. ఆరు జట్లు, ఒక్కో జట్టు ఒక కుటుంబం, ఒక్కో కుటుంబానికి నాలుగు పలకలు. ఆట మొదట్లో అన్నీ పచ్చగా ఉంటాయి.

వాలంటీరు ఒక్కో కార్డు తీసి చదువుతాడు. పశువులను మేపినందుకు పన్ను, పొయ్యిలోకి కట్టెలు తెచ్చినందుకు పన్ను, కట్టలేక అప్పు, ఒక పలక తిప్పాలి. ఉప్పు, బట్ట అరువు తెచ్చారు, షావుకారు పద్దులో ఏముందో చదవడం రాదు, ఒక పలక. భూమి కొలిచేవాళ్ళు వచ్చినరోజు ఇంటాయన సంతకు పోయాడు, పట్టా ఇంకొకరి పేరు మీద వచ్చింది, రెండు పలకలు. అడవి హద్దురాయి చేను నడుమ పాతారు, రెండు పలకలు. ఇలా పది కార్డులు, అన్నీ కలిపి 14 పలకలు తిరిగేలా రాసుకోండి. బల్ల మీద పదే పచ్చగా మిగులుతాయి. అక్కడ ఒక నిమిషం ఆగాలి. ఎవరూ ఏమీ చెప్పొద్దు, పిల్లలనే లెక్కపెట్టనివ్వండి.

తర్వాత చట్టం కార్డులు. ఇవి పెద్దవి, చేతికి బరువుగా ఉండాలి. మొదటిది షెడ్యూలు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన. 1959లో వచ్చినా తెలంగాణకు వర్తించింది 1963లో. చాలా బోర్డుల మీద మనకు కూడా 1959 అనే రాస్తారు, అది తప్పు. రెండోది 1970 నాటి సవరణ, ఊళ్ళలో అందరూ 1/70 అనేది దీన్నే. దీని ప్రకారం ఏజెన్సీలో భూమిని ఆదివాసీకి లేదా పూర్తిగా ఆదివాసులే సభ్యులైన సహకార సంఘానికి తప్ప ఎవరికీ అమ్మకూడదు. అమ్మేవాడు ఆదివాసీ కాకపోయినా సరే. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి మొదట ఆదివాసీ దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఉన్నవాడే. మూడోది 1996 నాటి పీసా చట్టం, పంచాయతీ పాలనను షెడ్యూలు ప్రాంతాలకు విస్తరిస్తూ గ్రామసభకు అధికారం ఇచ్చింది. నాలుగోది 2006 అటవీ హక్కుల చట్టం.

1/70 కార్డుకు మూడు పలకలు, 2006 కార్డుకు ఐదు పలకలు తిరిగి పచ్చబడేలా పెట్టండి. ఆరు బూడిదగానే ఉండిపోవాలి. ఇవి ఆట కోసం పెట్టుకున్న లెక్కలని బల్ల అంచున రాయడం మరవొద్దు, లేకపోతే టీచర్లు నోట్సులో నిజమైన గణాంకాలుగా రాయిస్తారు. అన్నీ తిరిగొచ్చేలా ఆట మార్చమని పెద్దలు కొందరు అడుగుతారు, పిల్లలు బాధపడతారని. మార్చకండి. ‘అవెందుకు రాలేదక్కా?’ అని పిల్ల అడగడమే ఈ బల్ల చేయాల్సిన పని. కేసు వేయాలంటే జిల్లా కేంద్రానికి తిరగాలి, కూలి పోతుంది, కాగితం ఉండదు, ఎదుటివాడికి వకీలు ఉంటాడు. ఈ నాలుగు కారణాలూ వాలంటీరుకు నోటికి వచ్చి ఉండాలి.

ఆట చెడిపోయేది ఒకే ఒక్క చోట. షావుకారు పాత్ర ఒక పిల్లవాడికి ఇస్తే వాడు పలకలు లాక్కుంటూ కేరింతలు కొడతాడు, తరగతి అంతా వాడిలా గెలవాలనుకుంటుంది. కాబట్టి షావుకారు, అధికారి పాత్రలు ఎవరికీ ఇవ్వొద్దు. లాక్కునేది కార్డే. అలాగే ‘నువ్వు గోండువు కదా, ఈ కుటుంబం నువ్వే’ అని ఏ ఆదివాసీ పిల్లనూ వేలు పెట్టి చూపించొద్దు. వాలంటీర్లకు ఇచ్చే సూచనల్లో మొదటి లైను ఇదే కావాలి.

నిజం చెప్పే గోడ

మూడు సంవత్సరాలు, మూడు బోర్డులు. 1860, రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నవాళ్ళను నిర్మల్‌లో ఉరితీశారు. ఆ చోటును వెయ్యి ఉరుల మర్రి అంటారు. 1940, జల్, జంగల్, జమీన్ అంటూ నిజాం సర్కారును ఎదిరించిన కుమురం భీం జోడేఘాట్ దగ్గర చనిపోయాడు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఇప్పటికీ అక్కడ వర్ధంతి చేస్తారు. 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

మూడో బోర్డు రాసేటప్పుడు చేయి వణుకుతుంది, ‘కాల్పులు జరిగాయి’ అని రాసి ఊరుకోవాలనిపిస్తుంది. ఎవరు కాల్చారో వాక్యంలో ఉండాలి. చనిపోయినవాళ్ళు 13 మంది అని ప్రభుత్వం అంది, అంతకంటే చాలా ఎక్కువమంది అని ఊళ్ళవాళ్ళు, పౌరహక్కుల సంఘాలు అన్నాయి. రెండు మాటలూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో రాయండి. శవాల ఫొటోలు వద్దు, తుపాకి బొమ్మలు వద్దు. ఇంద్రవెల్లి స్తూపం ఫొటో చాలు. నాలుగో తరగతి పిల్లలకు చదివి వినిపించి ముందుకు నడిపించాలి, ఆరు, ఏడు తరగతుల వాళ్ళను ఆగి ప్రశ్నలు అడగనివ్వాలి.

బోర్డులు 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు మీద మ్యాట్ వినైల్. మెరిసే వినైల్ మీద ట్యూబులైటు పడితే మధ్యలో రెండు లైన్లు కనపడవు. బోర్డు మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి, పెద్దల కంటికి తగిన ఎత్తులో కాదు. ఒక్కో బోర్డుకు 40 మాటలు మించొద్దు, అక్షరం 36 పాయింట్లకు తగ్గొద్దు.

దీని తర్వాత, దీనికంటే చిన్నగా, 2 అడుగులు, 3 అడుగుల బోర్డు ఒకటి కెనడా గురించి పెట్టొచ్చు. లక్షన్నర మంది మూలవాసుల పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ బళ్ళలో పెట్టి, వాళ్ళ భాష మాట్లాడితే శిక్షించారు. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నిజ నిర్ధారణ, సయోధ్య కమిషన్ 2015లో పని ముగిస్తూ చేయాల్సిన పనులు 94 రాసిచ్చింది. ఏటా సెప్టెంబరు 30న అక్కడ నారింజరంగు చొక్కాలు వేసుకుని ఆ పిల్లలను తలుచుకుంటారు. పక్కనే మార్లవాయి సంగతి పెట్టండి. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పూనికతో అక్కడ గోండు యువకులకు టీచరు శిక్షణ ఇచ్చారు, గోండిలో వాచకాలు తయారయ్యాయి. కెనడాలో బడి భాషను లాక్కుంది, ఇక్కడ ఒక బడి కొన్నాళ్ళైనా భాషను చేతికిచ్చింది. మరి మీ బడిలో ఇప్పుడు? ప్రశ్న రాసి వదిలేయండి. కెనడా బోర్డు ముందు పెడితే మాత్రం పిల్లలు ఇదంతా ఎక్కడో దూరదేశంలో జరిగిందనుకుంటారు, ఇంద్రవెల్లి దగ్గరకు వచ్చేసరికి మనసు అక్కడ ఉండదు.

గ్రామసభ

హాలు వెనకభాగంలో 9 అడుగులు, 12 అడుగుల వరంగల్ జంపఖానా పరిచి 15 మందినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. కుర్చీ, టేబులు, స్టేజీ వద్దు. తలపాగాలు, రంగులు అసలే వద్దు. బడి బట్టల్లోనే కూర్చోవాలి, ఎందుకంటే గ్రామసభలో కూర్చునే మనిషి కూడా షర్టు వేసుకుని, ఫోను జేబులో పెట్టుకునే వస్తాడు.

అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మందైనా హాజరైతేనే సభ, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. మొదట దీన్నే లెక్కపెట్టించండి. 15 మందిలో 8 మంది, అందులో ముగ్గురు అమ్మాయిలు. ఒక బ్యాచికి కావాలనే ఏడుగురినే కూర్చోబెట్టి ‘సభ చెల్లదు, మళ్ళీ పిలవాలి’ అని చెబితే కోరం అంటే ఏమిటో బాగా ఎక్కుతుంది. తర్వాత ఐదుగురితో అటవీ హక్కుల కమిటీ, అందులో ఇద్దరైనా అమ్మాయిలు. అసలు కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారని చెప్పండి.

ఇప్పుడు ఫారం. వ్యక్తిగత భూమికి ఏ ఫారం, ఊరి ఉమ్మడి హక్కులకు బి, ఊరి అడవి మీద హక్కుకు సి. పిల్లలకు ఏ ఫారాన్నే ఒక పేజీకి కుదించి ఇవ్వండి, కానీ పైన అసలు ఫారం పేరు, గడుల వరుస అలాగే ఉంచండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసే గడి తీసేయొద్దు. పట్టా ఇద్దరి పేరు మీదా వస్తుందన్నది అమ్మాయిలు గట్టిగా పట్టుకునే విషయం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు, 4 హెక్టార్లకు మించదు, వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు.

రుజువుల పెట్టెలో ఎనిమిది వస్తువులు ఉంచండి. చట్టం కనీసం రెండు అడుగుతుంది. ఓటరు గుర్తింపు కార్డు నకలు, పాత జరిమానా రసీదు నకలు, ఊరి పెద్ద మాట రికార్డు, బావి ఫొటో, పూర్వీకుల సమాధి రాళ్ళ ఫొటో, హద్దుల గీత పటం, చేని గట్టు ఫొటో, ఒక ఉపగ్రహ చిత్రం. వీటిలో గట్టు ఫొటో బాగా తీయించండి. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత ఇప్పచెట్టు, దాని వేళ్ళు గట్టు రాళ్ళను ఎత్తేసి ఉండాలి, రాళ్ళ మధ్య పాత విరిగిన నాగలి కర్రు కనపడితే ఇంకా మంచిది. గట్టు ముందా చెట్టు ముందా అని పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనే పంచనామా. ఉపగ్రహ చిత్రం ఒక్కటే పట్టుకొచ్చి ‘ఇక్కడ అడవే కనిపిస్తోంది’ అని అటవీ సిబ్బంది పాత్రలో వాలంటీరు అభ్యంతరం చెప్పాలి. మిగతా రుజువులకు అది తోడు మాత్రమే, వాటికి బదులు కాదని కమిటీ పిల్లలు నియమాల కార్డు చూసి జవాబు చెప్పాలి.

తీర్మానం రాసి, అందరూ సంతకం చేయాలి. వేలిముద్రల ప్యాడ్ పెట్టొద్దు. ఆదివాసులంటే చదువురానివాళ్ళన్న భావన అక్కడే మొలుస్తుంది. సంతకమైన ఫారం డివిజన్ కమిటీ పెట్టెలో, అక్కడి నుంచి జిల్లా కమిటీ పెట్టెలో పడుతుంది. వాలంటీరు జిల్లా పెట్టె తెరిచి జవాబు చదువుతాడు. పది జవాబుల్లో నాలుగు తిరస్కరణలు ఉంచండి, కారణం రాసి. గ్రామసభ, డివిజన్ కమిటీ నిర్ణయాల మీద 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని, జిల్లా కమిటీదే తుది నిర్ణయమని వాటి వెనక ఉండాలి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైన రోజు ఫొటో ఈ పెట్టె పక్కన పెట్టొచ్చు, తిరస్కరణ చీటీ నకలు దానికి జతగా ఉంటేనే.

చివరి ఐదు నిమిషాలు

ఆకు మీద ‘నేను ఆదివాసులను గౌరవిస్తాను’ అని రాసి చెట్టుకు తగిలించే పద్ధతి మానేయండి. దాంతో ఎవరికీ ఏ పనీ పడదు. బదులుగా పని చీటీలు, తరగతికి ఒకటి. బడి లైబ్రరీలో గోండి, కోయ సంగతులున్న పుస్తకాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి హెడ్‌మాస్టరుకు జాబితా ఇవ్వడం. హాజరుపట్టీలో తప్పుగా రాసిన ఇంటిపేర్లు సరిచేయించడం. సాంఘిక శాస్త్రం పాఠంలో కుమురం భీం ఉన్న పేజీకి జోడేఘాట్ పిల్లలను అడగాల్సిన ప్రశ్నలు ఐదు రాసి ఉత్తరం వేయడం. టీచరు పేరు, గడువు తేదీ చీటీ మీద ఉండాలి, నెల తర్వాత మీరే ఫోన్ చేసి అడగాలి.

పిల్లల ప్రశ్నలకు వాలంటీర్లను ముందే తయారు చేయండి. ‘అన్నా, గాళ్ళు ఇప్పుడు గూడ అడవిలనే ఉంటరా?’ అన్నది ప్రతి బ్యాచిలో వస్తుంది. కొందరు అడవి ఊళ్ళలో ఉంటారు, కొందరు హన్మకొండలో మీ వీధిలోనే ఉంటారు, నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు, రైతులు ఉన్నారు అని చెప్పాలి. ‘మరి వాళ్ళకే ఎందుకు వేరే చట్టం?’ అంటే భూమి బల్ల దగ్గరకు తీసుకుపోయి బూడిద పలకలు చూపించాలి. వాలంటీర్లలో సగం మందైనా ఆదివాసీ డిగ్రీ విద్యార్థులుండాలి. వాళ్ళకు రోజుకూలి కట్టివ్వాలి, సర్టిఫికెట్ ఇచ్చి పంపొద్దు.

ఆగస్టు వానల్లో తేమ ఎక్కువ. ఎండిన ఇప్పపువ్వు వాసన చూపించాలంటే చిల్లుల మూత సీసాలో పెట్టండి, నాలుగు రోజులకోసారి మార్చండి. లేకపోతే బూజు పడుతుంది. అప్పు తెచ్చిన పడిగె గుడ్డలు (కోయల జెండాలు), డోళ్ళు గోడకు ఆనించొద్దు, చెమ్మ లాగుతాయి. రాత్రిపూట పాత దుప్పటిలో చుట్టి బల్ల మీద పెట్టాలి.

ముగిసిన వారంలోపు వస్తువులన్నీ ఎవరివి వాళ్ళ ఇంటికే చేర్చి, రిజిస్టరులో తీసుకున్నట్టు సంతకం తీసుకోండి. ఎవరినీ వచ్చి పట్టుకుపొమ్మనొద్దు. రికార్డింగులు పెన్‌డ్రైవులో ఊరికి ఇచ్చి, మీ ఫోన్లలోంచి తీసేయండి. మ్యాపు, భూమి బల్ల, రుజువుల పెట్టె మడిచి ఒక ఆటోలో పడతాయి. మొదట సరే అన్న గూడెం బడిలోనే వాటిని ముందు పరవండి, అక్కడి పిల్లలు చెప్పిన దిద్దుబాట్లు చేశాకే మరో బడికి పంపండి.